కొళాయి దగ్గర పెద్దచెవి

కట్ట కట్టిన 38వ ఏడు, అక్టోబరు 3. ముసురు. తూర్పు గాలి, ఉప్పు ఎక్కువ. మూడో నంబరు పంపు జల్లెడ విప్పి, నాచు తీసి, కడిగి బిగించాను.

కట్టకు అటువైపు సముద్రం నిన్నటికంటే రెండు అంగుళాలు పైన ఉంది. ఇటువైపు ఊట మామూలే.

పొద్దున తొమ్మిదో ఇంటి ఎరకమ్మ తన గుమ్మం ముందే వానలో నిలబడి తలుపును తన్నుతోంది. ఆమెకు ఎనభై ఒకటి. కట్టకు వేసే ఇసుక సంచులు కుట్టేది ఆమే.

"బేగి తియ్యి అంటే తియ్యదేటి! కాళ్లు నానిపోతన్నాయి, సచ్చినోడా!"

మా దగ్గర స్విచ్చులు లేవు. ఉప్పుగాలికి ఏ స్విచ్చూ ఆరు నెలలు నిలవదు. తలుపు, దీపం, మందుల అర, అన్నీ నోటితో చెబితే పనిచేస్తాయి. వినడానికి ప్రతి ఇంట్లో ఒక చిన్నచెవి ఉంది. తెలియని మాట ఒక్కటి కలిసినా అది ఊరుకుంటుంది. 'బేగి' పోయిన ఏడాది దాని జాబితాలోంచి దిగిపోయింది. అప్పటి నుంచి ఎరకమ్మ తలుపుతో నెమ్మదిగానే మాట్లాడుతోంది. ఇవాళ వాన కాబట్టి తొందరపడింది.

కట్ట కాపలాదారుగా నా దగ్గరున్న ఇత్తడి తాళంచెవితో తీశాను.

"నువ్వు నోరిప్పితే ముత్తేలు రాలిపోతాయేటి బావూ? నువ్వైనా దానికి గడ్డి పెట్టొచ్చు కదా" అంది.

తాళంచెవి జేబులో వేసుకున్నాను.

ఈ ఏటి 'దిగే మాటల' కాగితం కేంద్రం నుంచి వచ్చింది. 212 మాటలు. ఈ నెల 31న చెవుల జాబితాలోంచి దించుతారు.

నా మాటలు ఇవాళ: 4.

అక్టోబరు 5. ముసురు. గాలి లేదు. తూములో పడ్డ పీతను తీశాను. బతికే ఉంది. అటువైపు వదిలాను.

కేంద్రంలో మా మైళ్ల పర్యవేక్షకురాలు విభావరి గారు తీగ మీద పిలిచారు. ఎరకమ్మ వంద మాటలు అంటే చిన్నచెవికి తెలుస్తున్నవి యాభై నాలుగట. దిగే మాటల్లో ఎక్కువ ఆమెవే. అవి దిగాక నలభై ఒకటికి వస్తుందని అంచనా. యాభైకి తగ్గితే ఒంటరి మనిషిని కట్ట మీద ఉండనివ్వరు.

"పడిపోయి సాయం అడిగితే చెవికి తెలియకపోతే ఎలా సుంకన్నగారూ? ఆమె మంచికే. లోపలి ఊళ్లో ఆశ్రయంలో మంచం ఉంచాం. నవంబరు 2న బండి వస్తుంది."

సరేనండీ అన్నాను. తీగ పెట్టేశాక, ఎందుకు సరేనన్నానా అని కాసేపు అక్కడే నిలబడ్డాను.

ఎరకమ్మకు చెప్పాను. దబ్బనం ఆపకుండా విన్నది.

"అక్కడెవులుంటారు?"

"రెండు వందల మంది."

"నా మాట తెలిసినోలు?"

నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను.

"మా ఊరు సంద్రంలో కలిసినప్పుడు మా ఊరోల్ని మైలుకొక ఇల్లు కింద పంచీసినారు. నా మొగుడు పోయినాక నాను ఏటంటే, తిరిగి నా మాటతోటి బదులిచ్చినోలు నేరు. పోన్లే, సంచులైనా ఉన్నాయి, కట్టకి పనికొస్తన్నాను అనుకున్నాను. ఇప్పుడవి కూడా ఒగ్గీసి పొమ్మంటారు." దారం పళ్లతో తెంపింది. "నాను ఎల్లను. సెప్పీ ఆయమ్మకి."

చెప్పలేదు. పుస్తకంలో రాశాను.

నా మాటలు: 31. ఈ ఏడాదిలో ఇదే ఎక్కువ.

అక్టోబరు 7. మబ్బు. మందుల అర తలుపు బందుకు నూనె పెట్టాను.

ఎరకమ్మకు చెవికి తెలిసిన మాటలు నేర్పించాను. 'తలుపు త్వరగా తెరువు' అని మూడుసార్లు చెప్పించాను. నాలుగోసారి తనే చెప్పింది. తలుపు తెరుచుకుంది.

ఆమె తలుపు వైపు తిరిగి, "సూసినావా, మరేదగా అడిగితే ఎలగ తీసినావో! మరి ఇన్నాళ్లూ ఏటి నీకు రోగం? ముసల్దాన్ని వానలో నిలబెట్టీసి సిత్రం సూస్తావేటి?" అంది.

నేర్పినవి మూడు మాటలు. ఆ తర్వాత అన్నవాటిలో చెవికి తెలియనివి ఏడు. సాయంత్రం చిన్నచెవి ఇచ్చే లెక్క చీటీలో యాభై నాలుగు కాస్తా యాభై రెండు అయింది.

అక్టోబరు 9. వాన. రెండో పంపు పట్టీ మార్చాను.

మాట్లాడకపోతే లెక్క తగ్గదని మొన్న సాయంత్రం ఎరకమ్మకు చెప్పాను. నిన్నంతా మాట్లాడలేదు. ఇవాళ మధ్యాహ్నం సైరన్ మోగింది. ఒంటరి మనిషి నలభై గంటలు నోరు విప్పకపోతే మోగుతుంది. నాకు తెలిసిన సంగతే, ఆమెకు చెప్పడం మరిచాను. నేను రోజూ సాయంత్రం చెవి ముందు నిలబడి 'ఉన్నాను' అంటాను. దానితో ఒక రోజు గడుస్తుంది. ఆ పద్ధతి ఆమెకు వివరించాను.

ఆమె దబ్బనం పక్కన పెట్టింది.

"ఇలగేటి నువ్వు బతుకుతన్నావు ఇన్నాళ్లూ?"

అక్టోబరు 12, ఆదివారం. వాన. మైలువాళ్లందరం చేరే హాలు తుడిచి చాపలు వేశాను.

నేను బడికి వెళ్లలేదు. పంపుల మాన్యువల్ చదివి చదవడం నేర్చుకున్నాను. నిన్న చెవుల మాన్యువల్ మొత్తం చదివాను. ఇళ్లలోని చిన్నచెవులు వింటాయి, లెక్క ఉంచుతాయి, ఏ మాటన్నామో గుర్తుంచుకోవు. ఇంట్లో మాటలు దాచకూడదని మొదటి ఏడే అందరూ సంతకాలు పెట్టారు. గుర్తుంచుకునేది హాల్లో వేలాడే పెద్దచెవి ఒక్కటే. మూడు ఇళ్లవాళ్ల నోట దానికి వినబడిన మాట నిలుస్తుంది, దిగిపోయిన మాటైనా తిరిగి ఎక్కుతుంది. ఒక షరతు. ఒకరు మరొకరితో అన్నదై ఉండాలి. అప్పజెప్పినది లెక్కకు రాదు.

మా పద్నాలుగో మైలులో ఇళ్లు పదకొండు. మనుషులున్నవి నాలుగు. ఒకటో ఇల్లు నాది. నాలుగో ఇంట్లో సమ్మక్క, ఆమె భర్త ఓదెలు. మంథని వైపు నుంచి వచ్చారు, ఆమె కట్ట వాలులో ఆకుకూర పెంచుతుంది, అతను ఇసుక మోస్తాడు. ఆరో ఇంట్లో పంపుల మేస్త్రీ పేరయ్య, ఒంగోలు వైపు, ఒక్కడే ఉంటాడు. తొమ్మిది ఎరకమ్మది. అందరినీ హాలు గుమ్మం దగ్గర నిలబెట్టి సంగతి చెప్పాను.

"గీ ముచ్చటకేనా కాకా గింత రంది?" అంది సమ్మక్క. "అవ్వ మాటలు మేం మాట్లాడ్తం తియ్యి. నోరున్నది ఎందుకు?"

"మాట్టాడేదానికి ఏముంది బాబాయ్," అన్నాడు పేరయ్య, "నాలిక రొంత అటూ ఇటూ తిప్పితే సరిపాయె."

లోపలికి వెళ్లి పెద్దచెవి కింద కూర్చున్నారు. ఆదివారం ఆదివారం కేంద్రంతో మాట్లాడేది అక్కడే.

సమ్మక్క కొంగు సర్దుకుంది. "ఎరకమ్మగారూ, మీరు భోజనం చేశారా?"

పేరయ్య గొంతు సవరించుకున్నాడు. "వాతావరణం చాలా ఆహ్లాదకరంగా ఉంది కదండీ."

అప్పటికి వాన రెండు గంటలుగా పడుతోంది.

"అవునండీ," అన్నాడు ఓదెలు.

ఎరకమ్మ ఒకొక్కరి మొహమే చూసింది. "ఏటి బావూ, ఈలకి ఏటయినాది? గాలి గాని సోకినాదేటి?"

గంటసేపు మాట్లాడుకున్నారు. కొత్తగా నిలిచిన మాటలు: సున్న.

బయటికొచ్చాక సమ్మక్కను అడిగాను. తల దించుకుంది. "గా చెవి ముంగట మన మాట ఎట్లొస్తది కాకా? నవ్వరా?"

ఎవరు నవ్వుతారు అని అడిగాను.

"ఏమో," అంది.

అక్టోబరు 14. తెరపి. నేను ఇక్కడ చేరినప్పటి నుంచి రాసిన పాత పుస్తకాలు ఎండలో పెట్టాను. ఎండ పోయేలోపు తొమ్మిదేళ్లవీ చదివాను.

దిగే మాటల కాగితం కూడా మళ్లీ చూశాను. 141 తొమ్మిదో ఇంటివి. 30 నాలుగో ఇంటివి. 22 ఆరో ఇంటివి. 19 ఒకటో ఇంటివి. ఒకటో ఇల్లు నాది. చెత్తకు కసువు, గిన్నెలకు బోకులు, త్వరగా అనడానికి బిరీన, ఇంకా గెనిమ. చేరిన రోజున ఒక్కొక్కరిచేత గంటసేపు మాట్లాడించి ఎక్కించినవి. ఆ తర్వాత వీటిని ఎవరితో ఎప్పుడు అన్నానో గుర్తు లేదు. మా గుంతకల్లు వైపు మాటలు.

34వ ఏడు జూన్‌లో నా రాత ఇలా ఉంది: 'హాలు కప్పు కారుతోంది. పెద్దచెవిని మూడు రోజులు కొళాయి గుంజకు కట్టాను. మాటలు 640 పెరిగాయి. విపరీతమైన రొద. వీలైనంత త్వరగా హాల్లోకి మార్చాలి.' నాలుగో రోజు: 'మార్చాను. నిశ్శబ్దంగా ఉంది. బాగుంది.'

పెద్దచెవిని హాల్లో మొదట వేలాడదీసిందీ నేనే. పొడిగా ఉంటుందని. రొద ఉండదని.

తప్పు నాది. రాసి పెడుతున్నాను.

అక్టోబరు 16. మబ్బు. పెద్దచెవిని హాల్లోంచి విప్పి కొళాయి గుంజకు బిగించాను. కేంద్రానికి పంపే కాగితంలో కారణం దగ్గర 'వినడానికి' అని రాశాను.

నీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడు వరకు వస్తాయి. ఎరకమ్మ, సమ్మక్క, పేరయ్య ముగ్గురూ చెవిని చూశారు. వరసలో నిలబడ్డారు. ముందు మీరు, కాదండీ మీరు, అనుకున్నారు. గంట పట్టే పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది. తొమ్మిదేళ్లలో ఇలా జరగలేదు.

అక్టోబరు 17. చినుకులు. పెద్దచెవికి ఎరకమ్మ కుట్టిన గోనెసంచి తొడిగాను. తడవకుండా అని చెప్పాను. నిజానికి అది వాళ్ల కంటికి కనబడకుండా.

సాయంత్రానికి కొత్త మాటలు: 6.

అక్టోబరు 18. చినుకులు. గాలి పడమర. పొద్దున్నే గొడవ.

పేరయ్య తెల్లారకముందే క్యాను కొళాయి కింద పెట్టి పంపు చూడ్డానికి పోయాడు. సమ్మక్క దాన్ని పక్కకు జరిపింది. అతను తిరిగొచ్చాడు.

"ఏందమ్మే, నా క్యాను ఎవురు నెట్టింది?"

"నేనే. క్యాను వెట్టి పోతె నల్లా నీ పేరు మీద రాసిస్తరా? మనిషి లేకుంటె లైను లేదు."

"మనిషి ఈడ్నే ఉండాడు గదా! కళ్లు కనపడటంలా?"

"కనవడ్తున్నయి, కనవడ్తున్నయి. పెద్ద మేస్త్రీ! పంపు రిపేరు జెయ్యి పో, నల్లా నేను జూస్కుంట."

మధ్యలో ఎరకమ్మ. "మీ నోర్లు తరవాత. బిందె నిండిపోయినాది, బేగి జరగండి. ఓలమ్మ, నా బిందె అట్టుకుంతావేటే! ఒగ్గీ! ఒగ్గీమన్నానా!"

సమ్మక్క బిందె వదల్లేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని ఎరకమ్మ గొంతే దింపింది.

"బేగి జరుగు, బేగి ఒగ్గీ! ఒగ్గీ బేగి! అవ్వా, నీ సొట్ట బిందె ఎవలు ఎత్కపోతరే?"

"ఎక్కిరిస్తావేటే గుంటా?"

"గుంటనట! నలభై ఏండ్లొచ్చినయి, గుంటనట నేను!"

"గుంటే, గుంటే," అన్నాడు పేరయ్య, క్యాను మళ్లీ కొళాయి కిందికి తోస్తూ. "అవ్వ మాటంటే మాటే. జరుగు గుంటా!"

సమ్మక్క అతని మీద నీళ్లు చల్లింది.

సాయంత్రం పెద్దచెవి చీటీ చాలా పొడవు వచ్చింది. రాసి పెట్టుకున్నవి మూడు. బేగి, ఇళ్లు రెండు. ఒగ్గు, ఇళ్లు రెండు. గుంట, ఇళ్లు మూడు.

చీటీ రెండుసార్లు చదివాను. మా కట్ట మీద ఒకరి మాట ఇంకొకరి నోట్లోకి వెళ్లేది వెక్కిరింపులోనే. మాన్యువల్ మళ్లీ తీశాను. ఒకరు మరొకరితో అన్నదై ఉండాలి. మంచిగా అనాలని ఎక్కడా లేదు.

అక్టోబరు 19. వాన. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. చెబితే మళ్లీ అప్పజెబుతారు. చెప్పకుండా ఉండటం నాకు కష్టం కాదు.

అక్టోబరు 21. మబ్బు. కొళాయి వాల్వు పావు చుట్టు మూశాను. నీళ్లు సన్నగా వచ్చాయి. కారణం గడి ఖాళీగా వదిలాను.

గొడవ యాభై నిమిషాలు సాగింది. ఎరకమ్మ మాటలు కొత్తగా మూడిళ్లకు ఎక్కినవి: పదకొండు. తగ్గిన నీళ్లు మధ్యాహ్నం నేనే మోసి ఇళ్ల ముందు పెట్టాను.

అక్టోబరు 23. తెరపి. విభావరి గారు తీగ మీద పిలిచారు.

"పద్నాలుగో మైలులో ఏమైనా శాంతిభద్రతల సమస్య ఉందా? మాటల లెక్క ఎనిమిది రెట్లు పెరిగింది."

"లేదండీ. నీళ్లు పడుతున్నారు."

"పెద్దచెవి హాల్లో లేదని కాగితం వచ్చింది. 'వినడానికి' అంటే ఏమిటండీ?"

"అదేనండీ."

ఆవిడ కాగితం తిప్పిన చప్పుడు వినబడింది. "తొమ్మిదో ఇంటి బండి మాత్రం ఆ తేదీకే వస్తుంది. అంకె యాభైకి చేరితేనే ఆగుతుంది. దాన్ని నేను మార్చలేను."

ఎరకమ్మ ఇవాళ కొళాయి దగ్గరికి ఐదింటికే వచ్చింది. బిందె లేదు. అడిగితే, "మాటాడ్డానికొచ్చినాను. నీకేటి?" అంది.

సమ్మక్క రాగానే తనే మొదలుపెట్టింది. "గట్లనా సమ్మక్కా? గిట్లనా సమ్మక్కా? లొల్లి సెయ్యకు సమ్మక్కా!"

సమ్మక్క చెంబు కింద పెట్టి మరీ నవ్వింది.

అక్టోబరు 25. చినుకులు. జల్లెడలు మూడూ కడిగాను.

ఎరకమ్మది అంచనా నలభై అయిదు. గోనెసంచి పైన ఒక కాకి కూర్చుంటోంది. తోలాను. దాని అరుపులు లెక్కకు రాలేదని సరిచూసుకున్నాను.

సమ్మక్క ఇవాళ పేరయ్యను పట్టుకుని, "నీ క్యాను బుగ్గిల గలవ!" అంది. బుగ్గి అంటే ఎరకమ్మ భాషలో దుమ్ము. వెక్కిరించడానికి అనలేదు. కోపంలో అదే వచ్చింది. అన్నాక తనే ఒక క్షణం ఆగింది. పేరయ్య గమనించలేదు. "నీ చెంబే బుగ్గిలో కలవ," అని వెళ్లిపోయాడు.

అక్టోబరు 27. వాన. పదహారో మైలులో పంపు కాలిపోయిందని పేరయ్యను అక్కడికి పంపారు. 3వ తేదీకి గానీ రాడు.

లెక్క ఇలా ఉంది. ఎరకమ్మ మాటల్లో మూడిళ్లకు ఎక్కినవి అరవై నాలుగు. అంచనా నలభై ఎనిమిది. కావలసింది యాభై.

మిగిలినవాటిలో ఆమె ఎక్కువగా వాడేది 'ఒగ్గు', అంటే వదులు. వంద మాటల్లో మూడుసార్లు అంటుంది. సంచి ఒగ్గీ, దారం ఒగ్గీ, ఆ ఊసు ఒగ్గీ. అది ఒక్కటి నిలిస్తే యాభై ఒకటి. ఇప్పటికి ఇళ్లు రెండు, ఆమెది, సమ్మక్కది. పేరయ్య పది రోజుల్లో వందసార్లు నోరు పారేసుకున్నాడు, ఈ మాట ఒక్కటి అనలేదు. ఓదెలు అన్నా సమ్మక్క ఇంటి కిందికే వస్తుంది.

మనుషులున్న ఇళ్లు నాలుగు.

అక్టోబరు 29. మబ్బు. మాన్యువల్ మూడోసారి చదివాను. కట్ట కాపలాదారు మాట లెక్కకు రాదని ఎక్కడా లేదు.

అక్టోబరు 30. మబ్బు. నా కడవ కడిగాను.

నా నీళ్లు నేను ఎప్పుడూ కొళాయి వదలకముందే పట్టుకుంటాను. తొమ్మిదేళ్లలో ఇవాళ మొదటిసారి వరసలో నిలబడ్డాను. సమ్మక్క నన్ను చూసి చెంబు దాచుకుంది.

"ఏమైంది కాకా? కేంద్రం నుంచి ఎవలన్న వస్తున్నరా?"

తల అడ్డంగా ఊపాను. ఎరకమ్మ తన బిందె నాకు తగలకుండా పక్కకు జరుపుకుంది. 'ఒగ్గు' నా నోటి దాకా వచ్చింది. మనిషిని వెక్కిరించడానికి ముందు ఏం చేస్తారో నాకు తెలియదు. నా వంతు వచ్చింది. నీళ్లు పట్టుకుని వచ్చేశాను.

నా మాటలు: 1. సాయంత్రం 'ఉన్నాను'.

అక్టోబరు 31. చినుకులు. తూర్పు గాలి. కట్ట మీద పాకుడు. తెల్లవారుజామున వాల్వు పూర్తిగా తెరిచాను.

ఆఖరి రోజు. అర్ధరాత్రికి లెక్క మూసేస్తారు.

ఆరింటికి కడవ పట్టుకుని వెళ్లాను. ఎరకమ్మ ముందు, ఆమె వెనక నేను, నా వెనక సమ్మక్క. సమ్మక్క ఇవాళ ఎవరినీ ఏమీ అనలేదు. ఎరకమ్మ కూడా. బండి ఎల్లుండి వస్తుందని అందరికీ తెలుసు. ఎరకమ్మ పెట్టె సర్దలేదు. నిన్న సాయంత్రం కిటికీలోంచి చూశాను, సంచులే కుడుతోంది.

బిందె నిండింది. వంగి ఎత్తబోయింది, కాలు జారింది. పడలేదు. నేను ఒక చేత్తో బిందె అంచు, ఇంకో చేత్తో ఆమె మోచెయ్యి పట్టుకున్నాను.

"ఒగ్గీ బావూ," అంది. "నానట్టుకుంతాను. ఒగ్గీ."

"ఒగ్గను," అన్నాను.

ఆమె తలెత్తింది.

"ఒగ్గితే యాడ పడతావో యామో. గెనిమ మీద జారతాండాది. బిందె నేను తెస్తా, నువ్వు నడువు."

ఇది నేనే అన్నాను. అన్నది అన్నట్టు రాస్తున్నాను.

కొళాయి పారుతోంది, ఎవరూ కట్టలేదు. ముందుగా తేరుకున్నది సమ్మక్క.

"ఓదెలూ! ఓ ఓదెలూ! ఉరికిరా! కాకా మాట్లాడిండు!" తర్వాత నా వైపు తిరిగింది. "గెనిమ అట! గెనిమ ఏంది కాకా? గెనిమ మీద జారతాండాదంట!"

"గెనిమంతే గట్టే, ఆమాత్రం తెల్దేటే గుంటా?" అంది ఎరకమ్మ. ఆ మాట ఆమెకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. తెలిసి ఉండదు. "పెద్దమనిషి గెనిమ మీద నడుస్తంటే నవ్వుతావేటి? జరుగు!"

బిందె ఆమె గుమ్మం దాకా మోశాను. తలుపు ముందు ఆగింది. తలుపుతో ఏమీ అనలేదు.

"మరొక్కపాలి అను."

"ఏది?"

"అదే."

"ఒగ్గను."

"ఊఁ," అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. చినుకులు పడుతున్నాయి కాబట్టి. తర్వాత తలుపుతో, 'తలుపు త్వరగా తెరువు' అని నేను నేర్పినట్టే చెప్పి లోపలికి వెళ్లింది.

నా మాటలు: 22.

నవంబరు 1. తెరపి. కొళాయి గుంజకు సున్నం వేశాను.

కేంద్రం నుంచి కాగితం వచ్చింది. తొమ్మిదో ఇల్లు: యాభై ఒకటి. తరలింపు రద్దు.

దిగినవి 139. వాటిలో నావి పద్దెనిమిది. బిరీన, కసువు, బోకులు, అన్నీ దిగాయి. గెనిమ నిలిచింది. ఇళ్లు మూడు.

కింద విభావరి గారు చేత్తో ఒక వాక్యం రాశారు. పెద్దచెవిని తిరిగి హాల్లో ఎప్పుడు పెడతారు అని. 'వానలు తగ్గాక' అని జవాబు పంపాను. ఎప్పటి వానలో రాయలేదు.

ఎరకమ్మకు కాగితం చదివి వినిపించాను. యాభై ఒకటి అంటే ఎంత అని అడిగింది. యాభై మీద ఒకటి అన్నాను. "ఒకటేనా?" అంది. దబ్బనం తీసుకుంది.

నవంబరు 2. ఎండ. బండి వచ్చింది. రద్దు సంగతి డ్రైవరుకు అందలేదు. అతని కాగితంలో 'ఒక మనిషి, ఒక పెట్టె' అని ఉంది. ఖాళీగా వెళ్లడానికి వీల్లేదన్నాడు.

ఎరకమ్మ నలభై సంచులు ఎక్కించింది. పదహారో మైలులో దింపమంది. "ఆ ఒంగోలోడికి సెప్పు, ఇవి బుగ్గిలో పడీకుండా సూడమను" అంది. డ్రైవరు అర్థం కాక నా వైపు చూశాడు. నేను విడమరిచి చెప్పాను. సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

వాల్వు పూర్తిగానే తెరిచి ఉంది. నీళ్లు బాగా వచ్చాయి. గొడవ తగ్గలేదు.

నా మాటలు: 57.

నవంబరు 3. ఎండ. ఉత్తరపు గాలి, చలి మొదలైంది. మూడో నంబరు పంపు జల్లెడ విప్పాను. నాచు మామూలు కంటే ఎక్కువ. సముద్రం నిన్నటికంటే అంగుళం కింద.

పేరయ్య పదహారో మైలు నుంచి వచ్చాడు. నలభై సంచులూ అందాయట. కొళాయి దగ్గర సమ్మక్క అతనికి 31వ తేదీ సంగతి నా గొంతుతో చేసి చూపించింది. నా గొంతు అలా ఉంటుందని నాకు తెలియదు. పేరయ్య నమ్మలేదు. మళ్లీ చెయ్యమన్నాడు, మళ్లీ చేసింది. "ఏందీ, బాబాయే?" అన్నాడు.

ఎరకమ్మ బయట నిలబడి పిలుస్తోంది. సంచుల కట్ట మోయాలట.

"బావూ! ఎంతసేపు రాస్తావు? ఆ పుస్తకం ఒగ్గీ, బేగి రా!"

వస్తాండా అన్నాను. మళ్లీ పిలుస్తోంది. జల్లెడ విప్పింది విప్పినట్టే ఉంది. కడిగి, బిగించి, ఆ తర్వాత రెండో పంపుకు—